సెంటు స్థలంలో ఇల్లు సరే.. పిల్లలు ఆడుకునేది ఎక్కడ? సబ్బవరం కొత్త కాలనీల్లో ‘10 శాతం పార్కు’ లెక్క ఇదీ!

సబ్బవరం (అనకాపల్లి జిల్లా): కొత్త కాలనీ అనగానే జనం అడిగేవి మూడే. రోడ్డు పడిందా? కరెంటు వచ్చిందా? నీళ్లు వస్తున్నాయా? పార్కు ఎక్కడ అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ప్లాటు అమ్మేటప్పుడు బ్రోచర్‌లో ఆ ముక్కకు పచ్చరంగు వేసి చూపిస్తారు. రిజిస్ట్రేషన్ అయ్యాక దాని సంగతి ఎవరికీ పట్టదు.

కానీ విశాఖ శివారులో చూస్తుండగానే మారిపోతున్న సబ్బవరంలో ఈ ప్రశ్న ఇప్పుడు అడగాల్సిందే. ఇంకో పదేళ్లు పోయాక అడిగినా లాభం ఉండదు. ఎందుకంటే ఒకసారి ఇళ్లు లేచిన చోట మళ్లీ పార్కు రాదు. విశాఖ నడిబొడ్డున సుమారు 22 ఎకరాల్లో సెంట్రల్ పార్కు వచ్చిందంటే, అక్కడున్న సెంట్రల్ జైలు అడవివరానికి తరలిపోవడం వల్లే! ప్రతి ఊరికీ అలా ఖాళీ అయ్యే జైలు దొరకదు కదా.

ఇంతకీ సబ్బవరంలో ఏం జరుగుతోంది? లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న రూలు ఉన్నా అది అందరికీ ఒకేలా ఎందుకు పనిచేయడం లేదు? వివరాలు ఇవీ..

పల్లె కాదు.. ఇంకా పట్నమూ కాదు

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత సబ్బవరం మండలం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. కానీ రోజువారీ బతుకు మాత్రం విశాఖతోనే. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 51 కిలోమీటర్ల ఆరు వరుసల హైవే వచ్చింది. అంతకుముందు మధురవాడ, గాజువాక మీదుగా నగరం మధ్యలోంచి పోయిన లారీలు ఇప్పుడు ఇటు మళ్లాయి. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. వంగలిలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీకి స్థలం ఇచ్చి 2016లో శంకుస్థాపన చేశారు. పోర్టు లారీల కోసం షీలానగర్ నుంచి సబ్బవరం వరకు సుమారు 13 కిలోమీటర్ల మరో ఆరు వరుసల రోడ్డుకు ప్రణాళిక ఉంది.

రోడ్డు వచ్చిన చోటికి లేఅవుట్ వస్తుంది. ఇది ఎక్కడైనా ఉన్నదే. సబ్బవరంలో మాత్రం ప్రైవేటు వెంచర్లతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. ప్రభుత్వమే వేసిన ఓ పెద్ద కాలనీ.

2020 జనవరిలో అప్పటి ప్రభుత్వం విశాఖ చుట్టుపక్కల పది మండలాల్లో 6,116.50 ఎకరాలను ల్యాండ్ పూలింగ్ కింద తీసుకోవాలని జీవో 72 ఇచ్చింది. పేదలకు ఇళ్ల స్థలాల కోసం. ఆ పది మండలాల్లో సబ్బవరం ఒకటి. కోర్టు కేసులతో ఆలస్యమై, చివరికి 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్ పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. అక్కడి లేఅవుట్ 300 ఎకరాలకు పైనే. ప్లాట్లు 10 వేలకు పైనే. ఒక్కో ప్లాటు ఒక సెంటు.

అంటే ఒక ఊరు కాదు, ఒక చిన్నసైజు పట్టణమే ఒక్కసారిగా గీతల్లోకి వచ్చేసింది. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 40 వేల మంది!

సెంటు అంటే ఎంత?

ఒక సెంటు అంటే 48.4 గజాలు. చదరపు అడుగుల్లో 435. ప్రభుత్వం ఇచ్చిన డిజైన్ ప్రకారం ఇల్లు 340 చదరపు అడుగులు. మిగిలింది 95 అడుగులు. అందులోనే మెట్లు, నీళ్ల డ్రమ్ము, బండి, బట్టలు ఆరేసే తీగ. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేయాలన్నా రోడ్డు మీదే వేయాలి. కరివేపాకు మొక్క నాటాలంటే కుండీ కొనాలి.

పెరడు లేని ఇంటికి పార్కే పెరడు. ముసలాయన మంచం వేసుకునేది, పిల్లాడు సైకిల్ నేర్చుకునేది, శుభకార్యానికి షామియానా వేసేది.. అన్నీ ఆ ఖాళీ స్థలంలోనే. పెద్ద ఇల్లున్న వాళ్లకు పార్కు సరదా. సెంటు ఇంటి వాళ్లకు అది ఇంట్లో భాగం.

సరిగ్గా ఇక్కడే రూలు తిరగబడుతోంది.

ఒకే రూలు.. రెండు ఫలితాలు

ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి లేఅవుట్ రూల్స్ ప్రకారం ఏ లేఅవుట్ వేసినా మొత్తం స్థలంలో 10 శాతాన్ని పార్కు, ఆటస్థలం కోసం ఓపెన్ స్పేస్‌గా వదిలేయాలి. వినడానికి బాగానే ఉంది. అందరికీ సమానంగానే ఉంది. కానీ ఈ లెక్క భూమి మీద వేసిందే తప్ప మనుషుల మీద వేసింది కాదు. తేడా ఎక్కడ వస్తుందో చూడండి.

ఎకరానికి 4,840 గజాలు. అందులో 10 శాతం అంటే 484 గజాలు పార్కుకు పోతుంది. ఇప్పుడు రెండు కాలనీలు తీసుకుందాం.

మొదటిది ప్రైవేటు వెంచర్. 200 గజాల ప్లాట్లు. రోడ్లు, పార్కు, మిగతావన్నీ పోగా ఎకరానికి 13 ప్లాట్లు వస్తాయి అనుకుంటే, ఒక్కో ఇంటికి వాటాగా వచ్చే పార్కు 37 గజాలు. పైగా ఆ ఇళ్లకు సొంత పెరడు ఉంది.

రెండోది పైడివాడ అగ్రహారం లాంటి కాలనీ. 300 ఎకరాల్లో 10 వేల పైచిలుకు ప్లాట్లు అంటే ఎకరానికి 34 ఇళ్లు. అదే 10 శాతం, అవే 484 గజాలు. ఒక్కో ఇంటికి వచ్చే వాటా 14 గజాలు. మనిషికి మూడున్నర గజాలు. ఓ డబుల్ కాట్ మంచం పట్టేంత జాగా!

పెరడు ఉన్నవాడికి 37, లేనివాడికి 14. ఎవరూ రూలు తప్పలేదు. ఎవరూ మోసం చేయలేదు. లెక్క వేసే పద్ధతే అలా ఉంది.

మరి ఎంత ఉండాలి? కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో విడుదల చేసిన ప్రణాళికా మార్గదర్శకాల్లో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని సూచించారు. అంటే 12 నుంచి 14 గజాలు. సెంటు కాలనీలో ఒక కుటుంబం మొత్తానికి వచ్చే వాటా, కేంద్రం లెక్కలో ఒక్క మనిషికి ఉండాల్సింది! అయితే అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. పాటించకపోతే ఎవరూ అడగరు.

2025 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇవ్వాలని నిర్ణయించింది. అలా చేస్తే కొత్త కాలనీల్లో ఎకరానికి ఇళ్లు తగ్గుతాయి కాబట్టి పార్కు వాటా కూడా దానంతట అదే పెరుగుతుంది. కానీ ఇప్పటికే సెంటు లెక్కన గీసేసిన కాలనీల్లో గీతలు జరపడం అంత తేలిక కాదు.

30 ఎకరాలు చాలవా?

300 ఎకరాల్లో 10 శాతం అంటే 30 ఎకరాలు. తక్కువేం కాదు కదా అనిపించొచ్చు. నిజమే. పైన చెప్పిన కేంద్ర మార్గదర్శకాల్లోనే ఇంకో లెక్క ఉంది. ప్రతి 5 వేల మందికి ఎకరంపావు పార్కు ఒకటి, ప్రతి 15 వేల మందికి రెండున్నర ఎకరాల పార్కు ఒకటి ఉండాలి. 40 వేల జనాభాకు ఇవన్నీ కలిపితే 17, 18 ఎకరాల దగ్గర తేలుతుంది. అంటే వీధి స్థాయి పార్కులకు 30 ఎకరాలు సరిపోవడమే కాదు, మిగులుతుంది కూడా.

ఇక్కడ కిటుకు ఏంటంటే.. ఎంత వదిలారన్నది సగం విషయమే. ఎక్కడ వదిలారు, ఏ ఆకారంలో వదిలారు అన్నది మిగతా సగం. లేఅవుట్ గీసేటప్పుడు ముందు ప్లాట్లు పేరుస్తారు. నలుచదరంగా వచ్చినవన్నీ అమ్మకానికి. మూలన మిగిలిన మూడు మూలల ముక్క, హైటెన్షన్ తీగల కింద పడే పట్టీ, వాన నీళ్లు నిలిచే పల్లం.. ఇవన్నీ పార్కు ఖాతాలోకి. కాగితం మీద 10 శాతం వచ్చేస్తుంది. పిల్లలు మాత్రం అక్కడ ఆడుకోలేరు.

దూరం కూడా అంతే. ఇంటి నుంచి 300 మీటర్లలోపు పార్కు ఉండాలన్నది ఇప్పుడు చాలా దేశాల్లో వినిపిస్తున్న మాట. డచ్ నిపుణుడు సెసిల్ కోనినెండైక్ 2021లో ముందుకు తెచ్చిన ‘3-30-300’ సూత్రంలోని చివరి అంకె ఇదే. ఇంట్లోంచి చూస్తే మూడు చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. 300 మీటర్లు అంటే నాలుగైదు నిమిషాల నడక. చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి, కర్ర పట్టుకున్న పెద్దాయన వెళ్లొచ్చే దూరం. 30 ఎకరాలూ ఒకేచోట కాలనీ గేటు దగ్గర పెట్టి ఆర్చి కడితే ఫోటోకు బాగుంటుంది కానీ, చివరి వీధి వాళ్లకు అది పక్క ఊరి పార్కు కిందే లెక్క.

ఇంకో సంగతి. మన పార్కుల్లో చాలాచోట్ల ‘ఆటలు ఆడరాదు’ అని బోర్డు ఉంటుంది. పచ్చిక తొక్కకూడదు, బంతి ఆడకూడదు, సైకిల్ తేకూడదు. మరి పిల్లలు ఏం చేయాలో రాయరు! అందుకే పార్కు వేరు, ఆటస్థలం వేరు అని ముందే విడదీసి గీయడం మంచిది. క్రికెట్ ఆడే కుర్రాళ్లకు మట్టి మైదానం చాలు. దానికి టైల్స్, ఫౌంటెన్ అక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువ.

ప్రైవేటు వెంచర్ల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. ఐదెకరాల లేఅవుట్‌లో 10 శాతం అంటే అరెకరం. పక్కపక్కనే పది వెంచర్లు పడితే పది అరెకరాలు పది మూలల్లో. కలిపితే ఐదెకరాల చక్కని మైదానం అయ్యేది. విడివిడిగా ఉంటే ఏదీ దేనికీ పనికిరాదు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది వీఎంఆర్‌డీఏ కాబట్టి, పక్క వెంచర్ పార్కు ఎటు ఉందో చూసి దీన్ని కూడా అటే ఆనించండి అని చెప్పగలిగేది కూడా ఆ సంస్థే. విశాఖ ప్రాంతానికి 2041 వరకు వేసిన మాస్టర్ ప్లాన్ 2021లో ఖరారైంది. రోడ్ల విషయంలో మాస్టర్ ప్లాన్ గీతను ఏ వెంచరూ దాటలేదు. అదే పట్టు పార్కుల విషయంలో కూడా ఉంటే సగం సమస్య తీరుతుంది.

లెక్కలోకి రాని పార్కు

సబ్బవరంలో ఇంతకుముందు పార్కులు లేవు. నిజానికి అవసరం కూడా రాలేదు. ఊరి చివర జీడి తోట ఉంది, చెరువు గట్టు ఉంది, కొండవాలు ఉంది. పశువులు మేసేది, పిల్లలు ఆడేది, మధ్యాహ్నం చెట్టు నీడన నలుగురు కూర్చునేది అక్కడే. దానికి పార్కు అని పేరు లేదంతే.

ల్యాండ్ పూలింగ్‌లో తీసుకున్నవి ఎక్కువగా ఇలాంటి భూములే. ప్రభుత్వ భూములు, డి-పట్టాలు, ఏళ్ల తరబడి సాగులో ఉన్న బంజర్లు. భూమి ఇచ్చిన వారికి ఒక లెక్క కట్టారు. డి-పట్టా రైతుకు ఎకరానికి 900 గజాల అభివృద్ధి చేసిన ప్లాటు, పదేళ్లకు పైగా సాగు చేసుకుంటున్న వారికి 450 గజాలు, ఐదు నుంచి పదేళ్లయితే 250 గజాలు. ఆ లెక్క న్యాయమైనదా కాదా అన్న గొడవ వేరే ఉంది, అప్పట్లో రైతులు ఆందోళనలు కూడా చేశారు. కానీ ఆ తోట నీడను వాడుకున్న ఊరికి, మేకలు మేపుకున్న వారికి, పుల్లలు ఏరుకున్న ఆడవాళ్లకు ఏ జీవోలోనూ గజాలు లేవు. వాళ్ల పేరు మీద పట్టా లేదు మరి.

అందుకే కొత్త కాలనీ పార్కు కొత్తగా వచ్చినవాళ్లకే కాదు, పక్కనున్న పాత ఊరికి కూడా దారి ఇచ్చేలా ఉండాలి. కాలనీ చుట్టూ ప్రహరీ కట్టి గేటు పెడితే పాత ఊరు రెండుసార్లు నష్టపోయినట్టు.

గెడ్డ వెంబడే దారి

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. సబ్బవరం, పెందుర్తి వైపు కొండల మీద పడిన వాన చిన్న చిన్న గెడ్డలుగా దిగుతుంది. విశాఖకు తాగునీరు ఇచ్చే మేఘాద్రి గెడ్డ రిజర్వాయర్ ఈ చుట్టుపక్కలే ఉంది. కొండ నుంచి చెరువుకు, చెరువు నుంచి చెరువుకు, అక్కడి నుంచి గెడ్డకు.. నీళ్లకు ఒక దారి ఉంది. ఆ దారి వెంబడే మనిషి నడిచే దారి కూడా వేయొచ్చు అన్నదే ఇప్పుడు ప్రపంచమంతా చెబుతున్న ‘గ్రీన్ ట్రయల్’.

ఇది కొత్తగా కొనాల్సిన భూమి కాదు. రాష్ట్ర బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది. పది హెక్టార్లు, అంటే 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే నిండుగా ఉన్నప్పటి నీటి అంచు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగు, కాలువలకు 9 మీటర్లు. అంతకంటే సన్నటి వాటికి 2 మీటర్లు. ఈ బఫర్‌ను పచ్చని పట్టీగా ఉంచాలన్నదే రూలు ఉద్దేశం.

9 మీటర్లలో ఏం పడుతుంది? రెండు మీటర్ల నడక దారి, రెండు మీటర్ల సైకిల్ దారి, రెండు వరుసల చెట్లు. హాయిగా పడతాయి. పైగా గట్టు ఖాళీగా ఉంటే వరద వచ్చినా ఇళ్లలోకి రాదు. నీళ్లు పోయాక మళ్లీ నడుచుకోవచ్చు. నీడకు వేప, కానుగ, నేరేడు, రావి లాంటి ఇక్కడి చెట్లే మేలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవాళ్లకు మొక్క ఎంపిక గురించి వేరే చెప్పక్కర్లేదు.

సింగపూర్ ఇదే పని చేసింది. డ్రైనేజీ కాలువల పక్కన మరమ్మతుల కోసం వదిలిన పట్టీలనే నడక, సైకిల్ దారులుగా మార్చి పార్కుకు పార్కును కలిపింది. ఇప్పుడు అలాంటి దారులు అక్కడ 300 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. భూమి లేక అల్లాడే దేశం వాళ్లు కొత్తగా పార్కులు కొనలేదు, ఉన్నవాటికి ముడి వేశారు. మన దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. అది కూడా రోడ్డు కోసం ముందే తీసుకున్న స్థలంలోనే.

సబ్బవరం లాంటి చోట ఇంకో సొత్తు కూడా ఉంది. పాత బండి దారులు. ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి చెరువుకు ఎడ్ల బండి పోయిన పుంతలు రెవెన్యూ మ్యాపుల్లో ఇంకా దారులుగానే కనిపిస్తాయి. లేఅవుట్ పడ్డాక వాటిని రెండు వైపులా కొద్దికొద్దిగా కలిపేసుకోవడం మామూలే. వాటిని కారు రోడ్లుగా మార్చకుండా నడక దారులుగా ఉంచితే చాలు. చుట్టూ పాతికేళ్ల నాటి తాటి చెట్లు ఎలాగూ ఉంటాయి. నీడ కోసం పదేళ్లు ఆగాల్సిన పని లేదు.

అయితే రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ఒకటి.. గెడ్డ వెడల్పు. ఏప్రిల్‌లో చూస్తే గెడ్డ పిల్ల కాలువలా ఉంటుంది. అప్పుడు కొలిస్తే పది మీటర్లలోపే వస్తుంది, బఫర్ 2 మీటర్లకు పడిపోతుంది. రెండు మీటర్లలో దారి వేయడం కుదరదు. కొలత రెవెన్యూ రికార్డు ప్రకారం వేశారా, ఎండాకాలం కంటికి కనిపించింది వేశారా అన్నది పెద్ద తేడా. రెండు.. బిల్డింగ్ రూల్స్‌లో ఈ బఫర్‌ను ఓపెన్ స్పేస్ లెక్కలో చూపుకునే వీలు ఉంది. గెడ్డ పక్క ప్రాజెక్టుకు ఇది వరమే. ఎలాగూ కట్టడానికి వీల్లేని స్థలం చూపించి పార్కు లెక్క పూర్తి చేసుకోవచ్చు. లోపల ఇళ్ల మధ్య పిల్లలకు జాగా మిగలదు. గెడ్డ పక్క దారి, ఇళ్ల మధ్య ఆటస్థలం.. ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

మధ్యలో ఆరు వరుసలు

పార్కు ఎంత బాగున్నా హైవేకు అవతల ఉంటే లేనట్టే. ఆరు వరుసల రోడ్డు, రెండు పక్కలా సర్వీస్ రోడ్లు. పదేళ్ల పిల్లాడు సైకిల్ మీద దాటే రోడ్డు కాదది. వాహనాల కోసం కట్టిన అండర్‌పాస్ కిలోమీటరు దూరంలో ఉంటే జనం అంతదూరం చుట్టూ తిరిగి వెళ్లరు, డివైడర్ దూకేస్తారు. ప్రమాదాలు జరిగేది అక్కడే.

చిత్రం ఏంటంటే, హైవే కింద గెడ్డ నీళ్లు పోవడానికి కల్వర్టులు ఎలాగూ కడతారు. కట్టేటప్పుడే ఒక కానా అదనంగా, మనిషి నిలబడి నడిచేంత ఎత్తులో, నీటి మట్టానికి కాస్త పైన వేస్తే అదే నడక దారి అయిపోతుంది. రోడ్డు వేసేశాక తవ్వి పెట్టాలంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ముందే పెట్టేది ఎంతో తక్కువ. షీలానగర్–సబ్బవరం రోడ్డు విషయంలో ఈ మాట ఇప్పుడే అడగాలి. డిజైన్ మార్చుకునే వీలు పనులు మొదలయ్యేదాకానే ఉంటుంది.

మాలి జీతం ఎవరిస్తారు?

పార్కు కట్టడం ఒకరోజు పని, ప్రారంభోత్సవానికి నాయకులు వస్తారు. ఆ తర్వాత రోజూ నీళ్లు పోసేది ఎవరు? ఇది అన్నిటికన్నా మొండి ప్రశ్న.

పైడివాడ అగ్రహారం సంగతే తీసుకోండి. పట్టాలు పొందినవాళ్లు జీవీఎంసీ పరిధిలోని పేదలు. స్థలం ఉన్నది సబ్బవరం మండలంలో. ప్రణాళిక పరిధి వీఎంఆర్‌డీఏది. జిల్లా అనకాపల్లి. ఓ బోరు మోటార్ కాలిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? పంచాయతీ అయితే 40 వేల మంది కాలనీని మోసే ఆదాయం దానికి ఉండదు. నగరపాలక సంస్థ అయితే తన హద్దులో లేనిదానికి ఖర్చు రాసుకోవడం కష్టం. లేఅవుట్ కాగితాల్లో పార్కు ఎక్కడో రాసినట్టే, దాని నిర్వహణ ఎవరిదో కూడా రాసి ఉండాలి.

ఖర్చు తగ్గించే మార్గం మాత్రం ఉంది. విశాఖలో ఎంవీపీ కాలనీ, ఉక్కునగరం వైపు వెళ్లి చూస్తే అర్థమవుతుంది. సెక్టార్లుగా ముందే గీసి, దారుల పక్కన చెట్లు నాటిన చోట ఇప్పుడు మెయింటెనెన్స్ అంటే ఆకులు ఊడ్చుకోవడమే. లాన్ వేస్తే రోజూ నీళ్లు కావాలి, చెట్టుకు మొదటి మూడేళ్లే కావాలి. ఫౌంటెన్‌కు కరెంటు బిల్లు వస్తుంది, రావి చెట్టు కింద అరుగుకు ఏ బిల్లూ రాదు. కేంద్రం 2020లో ప్రారంభించిన నగర వన్ యోజన కింద పట్టణాల అంచున ఉన్న అటవీ భూముల్లో నగర వనాలు పెంచే వీలు కల్పించింది. విశాఖకు ఆనుకునే కంబాలకొండ అభయారణ్యంలో నడక దారులు ఎప్పటి నుంచో ఉన్నాయి. సబ్బవరం చుట్టూ ఉన్న కొండల్లోనూ కాలనీకి దగ్గరగా ఉన్నవాటి మీద అలాంటి కాలిబాట వేయడానికి కోట్లు అక్కర్లేదు.

ఇక లైట్లు. సాయంత్రం ఆరు దాటితే ఆడవాళ్లు నడవలేని ట్రాక్ సగం జనాభాకు లేనట్టే. దారికి రెండు పక్కలా ఎత్తైన గోడలు కాకుండా ఇళ్ల గుమ్మాలు కనిపించేలా ఉంటే వేరే కాపలా అక్కర్లేదు.

కబ్జా అయితే.. చట్టం ఎటువైపు?

వాడకుండా పడి ఉన్న పార్కు స్థలం మీద మొదట ఇటుకలు దింపుతారు. తర్వాత షెడ్డు. తర్వాత గుడి, లేదా కమ్యూనిటీ హాలు, లేదా వాటర్ ట్యాంకు. అన్నీ మంచి పనులే, అందుకే ఎవరూ అడ్డు చెప్పరు. చివరికి పార్కు ఉండదు.

ఈ విషయంలో కోర్టులు గట్టిగానే ఉన్నాయి. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఓ ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి కూడా ప్రజల మేలుకే కదా అన్న వాదనను ఒప్పుకోలేదు. పార్కు కోసం ఉంచింది పార్కుగానే ఉండాలని, ఆ మాట అడిగే హక్కు అక్కడ నివసించే వారికి ఉందని చెప్పింది. ఊరుమ్మడి చెరువులు, భూముల ఆక్రమణలపై 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇలాగే కఠినంగా వ్యవహరించింది.

ప్లాటు కొనేవాళ్లు ఇవి చూసుకోండి

అప్రూవ్డ్ లేఅవుట్ అయితే దానికి ఎల్పీ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ మీద ఉన్న ఆమోదిత ప్లాన్ కాపీ అడగాలి. రంగుల బ్రోచర్ కాదు, సంతకాలు, ముద్రలు ఉన్న ప్లాన్. అందులో ఓపెన్ స్పేస్ ఎక్కడుందో చూసి, సైటులో అదే చోట నిలబడి సరిపోల్చుకోవాలి. పైన తీగలు పోతున్నాయా? పక్కన గెడ్డ ఉందా? అది పార్కా, బఫరా?

రోడ్లు, ఓపెన్ స్పేస్‌ను స్థానిక సంస్థ పేరిట రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ చేయాలి. అది జరిగిందా లేదా అన్నది అసలు పాయింట్. గిఫ్ట్ డీడ్ జరగకపోతే ఆ స్థలం కాగితాల్లో ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటుంది, రేపు దాన్ని ఇంకొకరికి అమ్మినా ఆశ్చర్యం లేదు.

అనుమతి లేని లేఅవుట్‌లో కొన్నవాళ్లు తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కట్టి క్రమబద్ధీకరించుకుంటారు. పార్కు వదలని లేఅవుట్ అయితే 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ రూల్స్‌లో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు అని పెట్టారు. డబ్బు కడితే కాగితం సక్రమం అవుతుంది. కానీ చుట్టూ ఇళ్లు నిండిపోయాక ఆ డబ్బుతో కొనడానికి ఆ వీధిలో అరెకరం ఎక్కడిది? 14 శాతం కట్టిన ఇంటి పిల్లలు కూడా రోడ్డు మీదే ఆడాలి. సబ్బవరంలో ఇంకా గీతలు పడని పొలాలు, చదును కాని కొండవాళ్లు, పూడని గెడ్డలు ఉన్నాయి. వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్ మ్యాపులో తమ సర్వే నంబర్ ఏ రంగులో ఉందో ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.